మంచుబాటకు ఎంత ట్రాక్ కావాలి?

చలికాలం ముంచుకొచ్చే వేళ మిన్నెసోటాలోనో క్యూబెక్‌లోనో స్నోమొబైల్ కొనబోయేవారిని మొదట పలకరించేవి మూడు అంకెలు: 121, 129, 137. బండి అడుగున తిరిగే రబ్బరు ట్రాకును ఒకచోట కోసి నేలమీద పరిస్తే ఎన్ని అంగుళాలు వస్తుందో ఆ అంకె చెబుతుంది. గ్రూమర్ యంత్రాలతో చదును చేసిన బాటల మీదే తిరిగేవారు ఈ మూడింట్లో ఏది తీసుకోవాలన్న చర్చ ఏటా నడుస్తుంది. నా మాట ముందే చెబుతాను. పొడవును విడిగా, సస్పెన్షన్‌ను విడిగా ఎంచుకునే పద్ధతి సరైనది కాదు. స్నోమొబైల్ చరిత్రలో ఈ రెండూ ఎక్కువకాలం విడివిడిగా సాగలేదు. ఒకటి మారితే రెండోది ముందో వెనకో మారక తప్పలేదు, రెండూ కలిసి బాటను మార్చాయి, మారిన బాట మళ్ళీ బండిని మార్చింది.

ఆ అంకెలు ఇంజినీర్లు తమ ఇష్టం కొద్దీ వేసుకున్నవి కావు. ట్రాక్ లోపలివైపు వరుసగా పళ్ళుంటాయి, వాటిని ఇంజిను తిప్పే పళ్ళచక్రం పట్టుకుని లాగుతుంది. పన్నుకీ పన్నుకీ మధ్య దూరం, అంటే పిచ్, బాటమీద తిరిగే బండ్లలో చాలాకాలం 2.52 అంగుళాలుగా స్థిరపడింది. 48 పిచ్‌లయితే 120.96, అదే 121. మూడు పిచ్‌లు కలిపితే 128.52, అదే 129. ఇంకో మూడు కలిపితే 136.08. తర్వాత 2.86 అంగుళాల పిచ్ వచ్చింది. దానిలో 42 పిచ్‌లు 120, 45 పిచ్‌లు 129, 48 పిచ్‌లు 137 అవుతాయి. ఒక కంపెనీ 136 అని, మరో కంపెనీ 137 అని రాయడానికి కారణం ఇంతే. ఒక అంగుళం ఎక్కువొచ్చిందని మురిసేవారికి ఆ అంగుళం వల్ల ఒరిగేదేమీ లేదు.

మొదట్లో ఎవరికీ పొడవు గురించిన దిగులు లేదు, ఎందుకంటే బాటే లేదు. విస్కాన్సిన్‌లోని సేనర్ అనే ఊళ్ళో కార్ల్ ఎలియాసన్ 1924లో చెక్క టోబాగన్‌కు 2.5 హార్స్‌పవర్ పడవ ఇంజిను బిగించి, అడ్డపట్టీలున్న ట్రాకుతో నడిపించాడు. క్యూబెక్‌లోని వాల్‌కూర్‌లో జోసెఫ్-అర్మాన్ బొంబార్డియేకి ఈ పని వేడుక కాదు. 1934 చలికాలంలో రెండేళ్ళ కొడుకును మంచు మూసేసిన దారుల్లో ఆసుపత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. రబ్బరు పట్టా, దాన్ని పట్టి తిప్పే పళ్ళచక్రం కలిసిన ఆయన యంత్రాంగానికి 1937లో పేటెంట్ వచ్చింది. దాని మీద కట్టిన బి7లో ఏడుగురు కూర్చునేవారు, ఆ తర్వాతి బి12లో పన్నెండుమంది. అవి వైద్యుల బండ్లు, బడిపిల్లల బండ్లు, తపాలా బండ్లు. వాటికి కావలసింది మెత్తటి మంచులో కూరుకుపోకుండా తేలడం ఒక్కటే.

ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి సాధ్యం కావడానికి రెండు అవసరమయ్యాయి: తేలికపాటి ఇంజిను, అతుకు లేని రబ్బరు ట్రాక్. రెండూ 1950ల చివరికి కుదిరాయి. 1959లో బొంబార్డియే చేతుల్లో స్కీ-డూ పుట్టింది. తొలి నమూనాల్లో ఒకటి ఉత్తర ఒంటారియోలోని లాన్స్‌డౌన్ హౌస్‌లో ఉన్న మిషనరీ మోరిస్ విమె చేతికి వెళ్ళింది. ఇటు మిన్నెసోటాలోని రోజోలో ఎడ్గర్ హెటీన్ సోదరులు, డేవిడ్ జాన్సన్ 1956లోనే ఒక బండి కట్టారు, అదే పొలారిస్‌కు మూలం. 1960లో అలాస్కాకు అడ్డంగా దాదాపు 1,200 మైళ్ళు ఈ బండ్లమీద వెళ్ళి వచ్చాక హెటీన్ పొలారిస్‌ను వదిలి థీఫ్ రివర్ ఫాల్స్‌లో మరో కంపెనీ పెట్టాడు, అది ఆర్కిటిక్ క్యాట్ అయింది.

అప్పటి సస్పెన్షన్ అంటే బోగీ చక్రాలు. స్ప్రింగులకు బిగించిన చిన్న రబ్బరు చక్రాలు జతలు జతలుగా ట్రాకును నేలకు నొక్కి పట్టేవి. మెత్తటి మంచులో అవి బాగానే పనిచేశాయి. 1968 ఏప్రిల్‌లో రాల్ఫ్ ప్లైస్టెడ్ బృందం స్కీ-డూల మీద ఉత్తర ధ్రువానికి చేరింది. కానీ చక్రానికీ చక్రానికీ నడుమ ట్రాకును నొక్కేది ఏమీ లేదు. బరువంతా ఆ కొన్ని చక్రాల కిందే పడుతుంది. గట్టి నేలమీద వేగం పెరిగితే ప్రతి గుంతా నడుముకు తగిలేది.

1960ల ద్వితీయార్ధంలో ఆర్కిటిక్ క్యాట్ ముందుకు తెచ్చిన స్లైడ్ రైలు ఈ కథలో అసలు మలుపు. చక్రాల బదులు రెండు పొడవాటి పట్టాలు, వాటి అడుగున జారుడు ప్లాస్టిక్ పట్టీ. ట్రాకు లోపలి లోహపు క్లిప్పులు ఆ పట్టీ మీద జారుతూ పోతాయి. నీళ్ళుగా మారిన మంచే దానికి నూనె. బరువు పట్టాల పొడవునా సర్దుకుంటుంది, పట్టాలను మోసే ముందు ఆర్మ్, వెనక ఆర్మ్ రెంటికీ స్ప్రింగులూ షాకులూ పెట్టవచ్చు. స్కీ-డూ ఎలాన్ వంటి చవక బండ్లు చాలాకాలం బోగీలతోనే గడిపినా, 1970ల నడుమ నుంచి వేగంగా వెళ్ళాలనుకున్న ప్రతి బండీ పట్టాలకు మారింది. ట్రాక్ పొడవు ప్రశ్నకు అర్థం వచ్చింది కూడా అప్పుడే. పట్టాలు ఎంత పొడవుగా నేలను తాకుతాయన్నదే ఇక లెక్క.

ఇదే సమయంలో బాట కూడా పుట్టింది. 1971లో ఉత్తర అమెరికాలో దాదాపు 5 లక్షల స్నోమొబైళ్ళు అమ్ముడయ్యాయి, అవి తయారుచేసే కంపెనీలు వంద దాటాయి. ఇన్ని బండ్లు ఎక్కడపడితే అక్కడ తిరిగితే పొలాలకూ అడవికీ కీడని ఊరూరా క్లబ్బులు ఏర్పడి, రైతుల అనుమతితో బాటలు వేశాయి. తొలినాళ్ళలో బండి వెనక పాత ఇనుప మంచం స్ప్రింగులు కట్టి ఈడ్చి చదును చేసేవారు. తర్వాత ట్రాకుల ట్రాక్టర్లు వచ్చాయి. వాటి వెనక లాగే చట్రంలోని బ్లేడ్లు మిట్టలను చెక్కి, మంచును కలిపి, చివర్లో పలకతో నొక్కుతాయి. దమ్ము చేసిన మడిలో పలక తోలినట్టే ఉంటుంది ఆ పని. నొక్కిన మంచు రేణువులు ఒకదానికొకటి అంటుకుని గట్టిపడడానికి చల్లగా, కదలిక లేకుండా కొన్ని గంటలు కావాలి, అందుకే గ్రూమర్లు రాత్రిపూట తిరుగుతాయి. ఇప్పుడు ఒక్క క్యూబెక్‌లోనే ఇలాంటి బాటలు 30,000 కిలోమీటర్లకు మించి ఉన్నాయి. చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ అది. బండి గొప్ప గురించి పేజీలు పేజీలు రాసేవాళ్ళు ఈ పనికి ఒక వాక్యమైనా కేటాయించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తెల్లవారి చదునుగా ఉన్న బాట సాయంత్రానికి చదునుగా ఉండదు. మలుపు ముందు అందరూ బ్రేకు వేస్తారు, మలుపు దాటగానే అందరూ గ్యాసు ఇస్తారు. మొదటి బండి వేసిన చిన్న గీత రెండో బండిని ఎగరేస్తుంది, అది దిగినచోట గుంత పడుతుంది. అలా వరస గుంతలు, వరస మిట్టలు తయారవుతాయి. గ్రూమ్ చేసిన బాటకు బండి ఎంచుకోవడమంటే ఉదయపు చదునుకు ఎంచుకోవడం కాదు, సాయంత్రపు ఈ మిట్టలకు ఎంచుకోవడం.

1980లో పొలారిస్ ఇండీ ముందు స్కీలకు స్వతంత్ర సస్పెన్షన్ తెచ్చింది. ముందుభాగం మెత్తబడేసరికి వెనకభాగం గట్టితనం బయటపడింది. స్నోక్రాస్, సుదూర పందేలు ఆ లోపాన్ని ఇంకా ఎత్తిచూపాయి. 1990లలో కంపెనీలు వెనక సస్పెన్షన్ కదలికను పోటీపడి పెంచాయి. స్కీ-డూ ఎస్‌సీ-10, పొలారిస్ ఎక్స్‌ట్రా-10, ఎక్స్‌ట్రా-12 వంటి పేర్లలోని అంకెలు ఆ అంగుళాల గొప్పే. ఆ దశకమంతా బాటబండికి 121 అంగుళాలే మామూలు కొలత.

కానీ కదలిక పెరగడంతో కొత్త చిక్కు వచ్చింది. గ్యాసు ఇవ్వగానే బరువు వెనక్కి మళ్ళుతుంది. వెనక ఆర్మ్ ఎంతైనా కుంగగలిగితే బండి చతికిలబడుతుంది, స్కీల మీద బరువు పోతుంది, మలుపులో హ్యాండిలు తిప్పినా బండి నేరుగా పోతుంది. దానికి మందే కప్లింగ్. ముందు ఆర్మ్ కదలికకూ వెనక ఆర్మ్ కదలికకూ హద్దు పెడుతూ రెంటినీ జతచేసే ఏర్పాటు ఇది. వెనక ఆర్మ్ కొంత కుంగాక ముందు ఆర్మ్‌నూ తనతో లాక్కుంటుంది, అప్పుడు పట్టాలు ఒక కొసన లేవకుండా దాదాపు సమాంతరంగా పైకి వస్తాయి. వరస మిట్టల మీద దీని మేలు ఇంకా ఎక్కువ. కప్లింగ్ లేని సస్పెన్షన్‌లో ముందు ఆర్మ్ మిట్టను మింగినా, వెనక ఆర్మ్ తన లయలో తాను ఎగిరి మనిషి వెన్నును తంతుంది. జెరార్డ్ కార్పిక్ రూపొందించిన ఎం-10 సస్పెన్షన్ ఈ దారిలో పెద్ద అడుగు. హాయిగా కూర్చుని రోజంతా వెళ్ళడమే దాని లక్ష్యం. పోటీకన్నా ప్రయాణాన్ని మనసులో పెట్టుకుని చేసిన ఆ ఆలోచన బాటబండ్లకు చాలా మేలు చేసిందని నా నమ్మకం.

2003లో స్కీ-డూ రెవ్ మనిషినే జరిపింది. అంతకుముందు వెనక కూర్చుని కాళ్ళు ముందుకు చాపేవారు. రెవ్‌లో మోకాళ్ళు మడిచి, బండి బరువు నడుమకు దగ్గరగా, ముందుకు కూర్చుంటారు. మనిషి ముందుకు రాగానే వెనక సస్పెన్షన్ తన్ను అతనికి తక్కువగా తగిలింది. స్కీల మీద బరువు నిలిచింది కాబట్టి ట్రాకును కొంత పొడిగించినా మలుపు చెడలేదు. 129, 137 అంగుళాల ట్రాకులు కొండల బండ్ల నుంచి బాటల బండ్లకు దిగిరావడానికి ఇది దోవ వేసిందని నాకనిపిస్తుంది.

2010లో పొలారిస్ రష్ వెనక షాకును, ట్రాకును పైనుంచి కప్పే రేకు గూడు అయిన టన్నెల్ బయటికి తెచ్చింది. మోటారుసైకిల్‌లో లాగా, కుంగేకొద్దీ గట్టిపడే లింకేజీ దానిది. పెద్ద గుంతల్లో అది అద్భుతంగా పనిచేసింది. అయినా 2013లో అదే కంపెనీ షాకులు లోపలే ఉన్న సస్పెన్షన్‌తో ఇండీ పేరును తిరిగి తెచ్చింది. స్కీ-డూ ఆర్‌మోషన్ కుంగేకొద్దీ గట్టిపడే గుణాన్ని టన్నెల్ లోపలే సాధించింది. 2010ల దశకంలో కంపెనీలు ఒక్కొక్కటిగా తమ ముఖ్యమైన బాటబండిని 121 నుంచి 129కి జరిపాయి.

ఎందుకు 129? ట్రాక్ చుట్టను 8 అంగుళాలు పొడిగిస్తే అందులో సగం పైవైపుకు పోతుంది, నేలకు దక్కేది 4 అంగుళాలే. 137లో నేలకు దక్కే అదనం 8 అంగుళాలు. వినడానికి తక్కువే కానీ ఆ పొడవంతా వెనకవైపు చేరుతుంది. వెనక ఇరుసు వెనక్కి జరుగుతుంది, పట్టాలు మిట్టల నడుమ గుంతలో పడకుండా ఒక మిట్ట నుంచి ఇంకో మిట్టకు వాలతాయి. బ్రేకు వేసినప్పుడు వెనకభాగం తక్కువగా తూలుతుంది. దానికి బదులుగా మలుపులో వెనకభాగం తిరగడానికి మొరాయిస్తుంది, తిప్పవలసిన రబ్బరు బరువు పెరుగుతుంది. 129 దగ్గర ఈ లాభనష్టాలు బాటకు అనువుగా కుదిరాయి. పొద్దున్నే ఒంటరిగా మలుపుల అడవిబాటల్లో హుషారుగా వెళ్ళేవారికి 121 ఇప్పటికీ మంచి బండే. ఇద్దరు కూర్చుని సామాను కట్టుకుని రోజుకు 300 కిలోమీటర్లు వెళ్ళేవారికి 137 నిజంగా ఉపకరిస్తుంది. అప్పుడప్పుడు బాట దిగి పొడిమంచులోకి వెళ్ళేవారి కోసం పట్టాల చివర పైకి వంచిన బండ్లూ ఉన్నాయి. గట్టి బాటమీద అవి పొట్టి ట్రాకులాగా, లోతు మంచులో పూర్తి పొడవుతో నడుస్తాయి. బాటకే పరిమితమైనవారు మాత్రం ట్రాకు బయటివైపు మంచును కరిచే రబ్బరు లగ్గుల ఎత్తును 1 నుంచి 1.25 అంగుళాల మధ్య ఉంచుకోవడం మేలు. అంతకన్నా ఎత్తు లగ్గులు గట్టి మంచు మీద వేగాన్ని మింగి, వేడి పుట్టిస్తాయి.

పొడవు ఎంచుకున్నాక కూడా పని మిగిలే ఉంటుంది. చాలామంది దుకాణం నుంచి వచ్చిన బండిని వచ్చినట్టే నడుపుతారు. ఎక్కి కూర్చున్నప్పుడు వెనక సస్పెన్షన్ తన కదలికలో సుమారు మూడో వంతు కుంగేలా మనిషి బరువును బట్టి టార్షన్ స్ప్రింగులను బిగించుకోవాలి. ముందు ఆర్మ్‌ను పట్టి ఉంచే లిమిటర్ పట్టీని ఒక రంధ్రం బిగిస్తే స్కీలకు బరువు పెరిగి మలుపు పదునవుతుంది. మరీ బిగిస్తే బ్రేకు వేసినప్పుడు వెనకభాగం తేలిక అవుతుంది. 137 కొన్నవారు ఈ పట్టీనీ కప్లింగ్‌నూ సరిచేసుకుంటే 129 మలుపుకు చాలా దగ్గరికి వస్తారు, 121 కొన్నవారు షాకులు బాగా కుదుర్చుకుంటే మిట్టల మీద 129 హాయికి దగ్గరవుతారు. ఇక ఫిబ్రవరి చివర్లో బాట అద్దంలా గట్టిపడ్డాక ఏ పొడవైనా ఒకటే జాగ్రత్త: పట్టాల కింద జారుడు పట్టీకి మంచు అందదు, ట్రాకు లోపలి క్లిప్పులు వేడెక్కి పట్టీ కరిగిపోతుంది. మంచును గీరి పట్టాల మీదికి చిమ్మే ఐస్ స్క్రాచర్లను అప్పుడు తప్పకుండా కిందికి దించుకోవాలి.