మెదడులో బద్దెపురుగు తిత్తులు: పందిమాంసం ముట్టనివారికీ ముప్పే

పంది బద్దెపురుగు (టీనియా సోలియం) లార్వాలు మెదడులో తిత్తులుగా మారడమే న్యూరోసిస్టిసెర్కోసిస్. ఈ పురుగు వ్యాప్తి ఉన్న చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భారత్‌లోనూ మూర్ఛకు ప్రధాన కారణాల్లో ఇదొకటి.

పందిమాంసం తిననివారికి ఇది రాదన్నది అపోహ. సరిగా ఉడకని మాంసంలోని తిత్తులు కడుపులోకి వెళ్తే పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. కొన్ని మీటర్ల పొడవున్నా చాలామందిలో లక్షణాలు పెద్దగా కనిపించవు. అసలు ముప్పు దాని గుడ్లతోనే. పురుగున్న మనిషి మలంతో బయటికొచ్చే గుడ్లు అపరిశుభ్రమైన చేతులు, కలుషిత నీరు, కడగని పచ్చి కూరల ద్వారా ఇతరుల నోట్లోకి చేరతాయి. వాటి నుంచి వచ్చిన లార్వాలు పేగు గోడను దాటి, రక్తం ద్వారా కండరాలు, కళ్లు, మెదడుకు వెళ్తాయి. శాకాహారులకూ ఈ వ్యాధి వచ్చేది అందుకే.

తిత్తి ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండొచ్చు. సాధారణంగా అది చనిపోయే దశలో చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ మొదలవుతాయి. సీటీ, ఎమ్మారై స్కాన్‌లతో గుర్తిస్తారు. కొన్నిసార్లు క్షయ గడ్డలా కనిపించి వైద్యులనూ తికమక పెడుతుంది. ఫిట్స్ మందులు, స్టెరాయిడ్లు, అవసరమైతే ఆల్బెండజోల్‌తో చికిత్స చేస్తారు. ఫిట్స్ ఉన్నవారు సొంతంగా నులిపురుగుల మందు వాడకూడదు. తిత్తులు ఒక్కసారిగా చనిపోతే మెదడులో వాపు పెరుగుతుంది. కంట్లో ఉంటే చూపే పోవచ్చు.

మాంసం బాగా ఉడికిస్తే పేగుల్లో పురుగు చేరదు. గుడ్ల నుంచి కాపాడేవి మాత్రం మరుగుదొడ్డి, సబ్బుతో చేతుల శుభ్రత. ఒకరికి ఈ వ్యాధి తేలితే ఇంట్లో అందరికీ మల పరీక్ష చేయించాలి. గుడ్లు వదిలే మనిషి ఆ ఇంట్లోనే ఉండొచ్చు.