మనస్సుకు మందు ఇచ్చేవారికి చదువెంత?
(నఫ్సియాత్ విద్య: చరిత్ర, చట్టం, మన బాధ్యత)



మన సంఘం తరఫున ఏటా వెలువడే ఈ సంచికలో చరిత్ర విషయం వ్రాయమని పెద్దలు కోరినప్పుడు రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర వ్రాయవచ్చునని తోచింది. కానీ మన పల్నాటి గ్రామాలలో ఇంటింటా కనిపిస్తున్న ఒక కష్టానికి సంబంధించిన చరిత్ర వ్రాస్తే నలుగురికి ఉపయోగపడుతుందని ఈ అంశం ఎన్నుకున్నాను. మనస్సు చెదిరిన మనిషికి చికిత్స చేసే అర్హత ఎవరికి ఉన్నది? ఆ అర్హత ఏ చదువు వల్ల వస్తుంది? ఎవరు దానిని రిజిస్టరులో వ్రాస్తారు? ఇదే ఈ వ్యాసం యొక్క విషయం.

బాగ్దాదులో జరిగిన పరీక్ష

వైద్యం చేసేవాడికి పరీక్ష పెట్టాలన్న ఆలోచన పాశ్చాత్య దేశాలవారు కొత్తగా కనిపెట్టినదని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూడండి. క్రీ.శ. 931లో బాగ్దాదు నగరంలో ఒక వైద్యుని పొరపాటు వల్ల రోగి మరణించాడన్న సంగతి అబ్బాసీ ఖలీఫా అల్ ముఖ్తదిర్ చెవిన పడింది. ఖలీఫా వెంటనే తన ఆస్థాన వైద్యుడు సినాన్ ఇబ్న్ సాబిత్‌ను పిలిపించి, నగరంలోని వైద్యులందరినీ పరీక్షించి, యోగ్యులైన వారికే వైద్యం చేసే అనుమతి పత్రం ఇవ్వాలని ఆజ్ఞాపించాడు. అప్పుడు ఎనిమిది వందల అరవై మందికి పైగా వైద్యులు పరీక్షకు వచ్చారని అరబ్ చరిత్రకారులు వ్రాశారు. అప్పటికే పేరుప్రఖ్యాతులు గడించిన కొద్దిమందికి మాత్రం మినహాయింపు దొరికింది. అంటే వెయ్యేళ్ల క్రిందటే 'నీ చదువు ఏమిటి, నీ గురువు ఎవరు' అని అడిగే ఏర్పాటు మన చరిత్రలో ఉన్నదన్నమాట.

ఆ కాలంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు (850–934) శరీర ఆరోగ్యం గురించి, నఫ్స్ ఆరోగ్యం గురించి కలిపి ఒక గ్రంథం వ్రాశాడు. శరీరానికి జబ్బు వచ్చినట్లే నఫ్స్‌కు కూడా జబ్బు వస్తుందని, కోపం, భయం, దిగులు, మాటిమాటికీ వేధించే ఆలోచనలు ఆ జబ్బులలోనివని ఆయన వివరించాడు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం తెలియకుండా పట్టుకునే దిగులు వేరు అని కూడా విడదీసి చెప్పాడు. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన పెద్ద ఆసుపత్రిలో మతి చెదిరిన వారికి ప్రత్యేక విభాగం ఉండేది. ఈ సంగతులు గొప్పలు చెప్పుకోవడానికి వ్రాయడం లేదు. మన పూర్వీకులు మనోవ్యాధిని వ్యాధిగానే చూశారని, దానికి చదువుకున్న వైద్యుని నియమించారని తెలుసుకోవడం కోసం వ్రాస్తున్నాను.

భారతదేశంలో ఈ విద్య

ఆధునిక మనస్తత్వ శాస్త్రానికి 1879వ సంవత్సరాన్ని పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఆ ఏడు జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల ప్రారంభించాడు. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో మొదటి శాఖ ఏర్పడింది. 1924లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఎం.వి. గోపాలస్వామి రెండవ శాఖను నెలకొల్పారు. అదే ఏడు భారత మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం కూడా ఏర్పడింది.

మన ఉర్దూ చదువరులు గర్వించదగిన విషయం ఒకటి ఉంది. 1918లో హైదరాబాదులో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించింది. అందుకోసం 1917లోనే దారుత్తర్జుమా అనే అనువాద శాఖ ఏర్పడి, తత్వశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం వంటి విద్యలకు ఉర్దూ పదాలు తయారుచేసింది. 1919లో అక్కడ తత్వశాస్త్ర బోధకుడుగా చేరిన ఖలీఫా అబ్దుల్ హకీం అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ గ్రంథాన్ని ఉర్దూలోకి తెచ్చారు. నేటికీ ఉర్దూ మీడియం టీచర్ ట్రైనింగులో చేరిన ప్రతివాడు 'తాలీమీ నఫ్సియాత్' పేపరు చదివి తీరాలి. పిల్లవాడు ఎందుకు మొండికేస్తాడు, ఎందుకు మరచిపోతాడు అన్నది అందులో నేర్చుకుంటాము. అయితే ఒక పేపరు చదివినంత మాత్రాన ఉపాధ్యాయుడు మనస్తత్వవేత్త కాడు. ఈ తేడా ముందు మనవాళ్లే గుర్తించాలి.

ఆంధ్రలో ఈ విద్యకు పేరు తెచ్చినవారు ఆచార్య కోనేరు రామకృష్ణారావు. ఆయన అమెరికాలో జె.బి. రైన్ దగ్గర పరిశోధన చేసి వచ్చి, 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర శాఖను స్థాపించారు. తర్వాత అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 2021లో పరమపదించారు. 1984లో సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడింది. ఎదుగుదల మందగించిన పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది పెద్ద ఆసరా.

చికిత్స నేర్పే చదువు ఎప్పుడు మొదలైంది?

కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చదవడం వేరు, రోగి ఎదుట కూర్చుని పని నేర్చుకోవడం వేరు. ఈ రెండవ చదువుకు మూలస్థానం బెంగుళూరు. 1954లో అక్కడ అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. మరుసటి సంవత్సరమే వైద్య మనస్తత్వ శాస్త్రంలో డిప్లొమా ప్రారంభించారు. 1974లో ఆ సంస్థే నిమ్‌హాన్స్ అయింది. ఆ డిప్లొమాయే కాలక్రమంలో ఎం.ఫిల్‌గా మారింది. రాంచీలోని కేంద్ర మనోవైద్య సంస్థలో కూడా ఈ శిక్షణ అరవైలలోనే మొదలైంది. 1968లో క్లినికల్ సైకాలజిస్టులు తమ అఖిల భారత సంఘం పెట్టుకున్నారు.

అయినా చాలాకాలం వరకు 'నేను సైకాలజిస్టును' అని బోర్డు పెట్టుకునేవారిని అడిగే చట్టం లేదు. 1912 నాటి ఉన్మాదుల చట్టం రోగిని బంధించడం గురించి ఎక్కువ చెప్పింది, చికిత్స చేసేవాని చదువు గురించి కాదు. 1987లో వచ్చి 1993లో అమలైన మానసిక ఆరోగ్య చట్టం కొంత మార్పు తెచ్చింది. అసలు మార్పు 1992 నాటి పునరావాస మండలి చట్టంతో వచ్చింది. దీనినే ఆర్.సి.ఐ. చట్టం అంటారు. 1993 జూన్ నుంచి అది అమలులో ఉన్నది. అందులో క్లినికల్ సైకాలజిస్టుల పేరు స్పష్టంగా వ్రాశారు. గుర్తింపు పొందిన చదువు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు ఎక్కించుకున్నవారే ఆ వృత్తి చేయాలి. అది లేకుండా చేసినవారికి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వెయ్యి రూపాయలంటే ఈ రోజుల్లో ఒక్కపూట ఫీజు! శిక్ష బలహీనంగా ఉన్నదే గాని, నియమం మాత్రం గట్టిది.

ఏ చదువు చదవాలి?

మన పిల్లల తల్లిదండ్రులు ఈ భాగం జాగ్రత్తగా చదవాలని మనవి. ముందు మూడు పేర్లు విడివిడిగా తెలుసుకోవాలి. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై మానసిక వైద్యంలో ఎం.డి. వంటి పట్టా పొందిన డాక్టరు. మందులు వ్రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయరు. పరీక్షలు జరిపి, మాటల ద్వారా, అలవాట్ల మార్పు ద్వారా చికిత్స చేస్తారు. ఇక కౌన్సెలర్ అనే మాటకు చాలా అర్థాలున్నాయి. రెండేళ్లు చదివినవారూ, రెండు రోజుల సర్టిఫికెట్ తెచ్చుకున్నవారూ అదే పేరు పెట్టుకుంటున్నారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టు ఎవరో అది నిర్వచించింది. ఆర్.సి.ఐ. గుర్తింపు గల సంస్థ నుండి క్లినికల్ సైకాలజీలో అర్హత పొందినవారు ఒకరు. లేదా మనస్తత్వ శాస్త్రంలో పి.జి. చేసి, ఆపైన రెండేళ్లు పూర్తికాలం ఎం.ఫిల్. చదివి, పెద్దల పర్యవేక్షణలో రోగుల మధ్య శిక్షణ పొందినవారు. లెక్క వేయండి: ఇంటరు తరువాత డిగ్రీ మూడేళ్లు, పి.జి. రెండేళ్లు, ఆపై ఎం.ఫిల్. రెండేళ్లు, వెరసి ఏడేళ్లు. ఎం.ఫిల్. సీటుకు పి.జి.లో సాధారణంగా 55 శాతం మార్కులు అడిగేవారు, పైగా ప్రవేశ పరీక్ష. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. రిజిస్టరులో పేరు ఎక్కిన తర్వాత కూడా చదువు ఆగదు. కొత్త విషయాలు నేర్చుకుంటూ దానిని రెన్యూవల్ చేయించుకోవాలి.

ఇప్పుడు దారి కొంత మారింది. కొత్త విద్యావిధానం ప్రకారం 2022లో యు.జి.సి. ఎం.ఫిల్. డిగ్రీని ఆపివేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025–26 విద్యా సంవత్సరం వరకు ప్రవేశాలకు అనుమతి ఇచ్చింది. ముందే పొందిన పట్టాలు చెల్లుతాయి. ఇకమీదట చేరేవారు మాత్రం ఏ కోర్సుకు, ఏ కాలేజీకి ఆర్.సి.ఐ. ఆమోదం ఉన్నదో దాని జాబితాలో స్వయంగా చూసుకుని మరీ ఫీజు కట్టాలి. బ్రోచరు మీద బొమ్మలు చూసి నమ్మరాదు.

క్లినికల్ కాని ఇతర సైకాలజిస్టుల కోసం 2021లో మరొక చట్టం వచ్చింది. అది అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. దాని ప్రకారం ఆరోగ్య వృత్తి నిపుణుని డిగ్రీ 3,600 గంటలకు తగ్గకూడదు. రాష్ట్ర కౌన్సిళ్లు రిజిస్టరులు నిర్వహించాలి. ఇంకొక ముఖ్య సంగతి: 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుండి మనస్తత్వ శాస్త్రాన్ని దూరవిద్యలో, ఆన్‌లైనులో బోధించరాదని యు.జి.సి. ఉత్తర్వు ఇచ్చింది. మన ఆడపిల్లలు చాలామంది ఇంట్లో ఉండి దూరవిద్యలోనే చదువుతున్నారు కాబట్టి ఈ సంగతి వారికి ముందే తెలియాలి. ఫీజు పోయిన తర్వాత తెలిసి ఏం లాభం?

ఇంత పట్టింపు ఎందుకు?

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకున్నది. అక్కడి దర్గాకు బరకత్ కోసం వచ్చిన మానసిక రోగులను ఉంచుకునే ప్రైవేటు ఇల్లు అది. రోగులను గొలుసులతో కట్టివేశారు. నిప్పు వచ్చినప్పుడు వారు పరుగెత్తలేకపోయారు. ఇరవై ఎనిమిది మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని విచారణకు తీసుకున్నది. తరువాత 2017 చట్టం మానసిక రోగిని ఏ రూపంలోనైనా సరే గొలుసుతో కట్టరాదని నిషేధించింది.

దర్గాకు వెళ్లడం, దువా చేయించడం ఎవరి ఈమాన్ వారిది. దాని మీద విమర్శ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ప్రవక్త (స) వారు దువాతో పాటు దవా కూడా చేయించుకోమని బోధించారు. మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? కోడలు మాట్లాడడం మానేస్తే 'గాలి సోకింది' అంటారు. పిల్లవాడు రాత్రిళ్లు నిద్రపోకుండా గొణుగుతుంటే తావీజు కడతారు. ఆరు నెలలు, ఏడాది గడిచి, చేతిలో డబ్బు అయిపోయాక గుంటూరు పెద్దాసుపత్రి గుర్తుకొస్తుంది. అప్పటికి జబ్బు ముదిరిపోతుంది.

మన ప్రాంతం సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1997–98లో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయిన జిల్లాలలో మన గుంటూరు జిల్లా ఒకటి. మిర్చి ధర పడిపోయిన ఏడు ఇంటి పెద్ద ముఖం చూడలేము. 2015–16లో నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నారని తేలింది. వారిలో చాలా ఎక్కువ మందికి చికిత్స అందడం లేదని కూడా తేలింది. మరి రాజుపాలెం నుంచి బయలుదేరి సత్తెనపల్లి, నరసరావుపేట దాటి ఎంత దూరం వెళితే రిజిస్టరైన సైకాలజిస్టు దొరుకుతారు? దొరికినా, ఉర్దూలో ఏడ్చే మన తల్లి మాట ఆమె భాషలో వినేవారు ఎంతమంది?

మనం చేయవలసినది

మొదటిది, చదువులో తెలివైన మన అమ్మాయిలలో, అబ్బాయిలలో ఏటా ఒక్కరినైనా ఈ దారిలో పెట్టాలి. పరదా పాటించే కుటుంబంలోని స్త్రీ తన బాధను మరొక స్త్రీకి చెప్పుకున్నంత తేలికగా ఇంకెవరికీ చెప్పుకోదు. ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లీషు ఒక్కటే అడ్డుగోడ. ఇంటరులోనే దానికి ప్రత్యేక ట్యూషన్ పెట్టాలి.

రెండవది, ఖర్చు. ఎం.ఫిల్., పి.హెచ్.డి. చేసే మైనారిటీ విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022–23 నుంచి కొత్తవారికి ఇవ్వడం నిలిపివేశారు. ఏడేళ్ల చదువు కూలి ఇంటి పిల్లకు ఎలా సాగుతుంది? జకాత్, సదఖాలలో కొంత భాగం ఒక విద్యార్థిని చదువుకు కేటాయించడం మన సంఘానికి అసాధ్యం కాదు. పెళ్లి పందిళ్లకు పెట్టే ఖర్చులో పదవ వంతు చాలు.

మూడవది, ఎవరి దగ్గరకు వెళ్లినా సిగ్గుపడకుండా ఒక ప్రశ్న అడగాలి: 'సాబ్, మీ రిజిస్టరు నంబరు ఎంత?' నిజంగా చదివినవారు ఈ ప్రశ్నకు కోపగించుకోరు, గోడ మీద వ్రేలాడదీసిన కాగితం చూపిస్తారు. ఆలస్యం చేయలేని కష్టం వచ్చినప్పుడు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

బాగ్దాదు ఖలీఫా ఒక్క రోగి ప్రాణం పోయినందుకు నగరం మొత్తాన్ని పరీక్షకు కూర్చోబెట్టాడు. ఏర్వాడిలో ఇరవై ఎనిమిది ప్రాణాలు పోయాయి. మన ఇళ్ల వెనుక గదులలో ఇంకా ఎన్ని గొలుసులు ఉన్నాయో మనకే తెలియాలి. వాటిని విప్పే చేతులు చదువుకున్న చేతులై ఉండాలి, అందులో కొన్ని మన బిడ్డల చేతులై ఉండాలి. అల్లాహ్ మనందరికీ ఆ తౌఫీఖ్‌ను, రోగులందరికీ షిఫాను ప్రసాదించు గాక. ఆమీన్.