పువ్వులోంచి నీళ్లు తీసిన కథ

వైద్య విద్యార్థులకు చలికాలంలో మొక్కల పాఠం చెప్పడం ఎలా? పదహారో శతాబ్దం మొదటి సగంలో ఇటలీలోని బొలోన్యాలోనూ, తర్వాత పీసాలోనూ పాఠాలు చెప్పిన లూకా గీనీ అనే ఆచార్యుడికి ఎదురైన చిక్కు ఇది. ఆ రోజుల్లో మందంటే ఎక్కువగా మొక్కే. ఏ ఆకు ఏదో, ఏ పువ్వు ఏదో పోల్చుకోలేని వైద్యుడి చేతిలో పడ్డ రోగికి గండమే. పుస్తకాల్లో బొమ్మలుండేవి. కానీ వాటిలో చాలా మటుకు ఒకరి బొమ్మ చూసి మరొకరు గీసినవి. వాటిని నమ్ముకుని పొలాల మీద పడితే మొక్క దొరికేది కాదు.

గీనీ రెండు పనులు చేశాడు. 1544 ప్రాంతంలో పీసాలో విశ్వవిద్యాలయం కోసం ఒక మొక్కల తోట వేయించాడు. ఆ తోట బోసిపోయే నెలల కోసం, పూసిన కాలంలోనే మొక్కల్ని తెంపి, కాగితాల మధ్య పరిచి, బరువు పెట్టి, తడి ఆరాక మరో కాగితానికి అంటించి దాచాడు. పువ్వుల్ని పుస్తకంలో పెట్టుకోవడం అంతకుముందు ఎవరికీ తోచలేదని కాదు. దాన్నొక పద్ధతిగా, నలుగురికీ నేర్పగలిగే విద్యగా మార్చినవాడు గీనీ అని చరిత్రకారులు ఒప్పుకుంటారు.

ఆయన దీని గురించి పుస్తకం రాయలేదు. ఆయన అంటించిన కాగితాలూ మిగల్లేదు. మిగిలింది శిష్యుల పనే. ఆంద్రెయా చెజల్పీనో 1563లో పూర్తి చేసిన సంపుటం 768 మొక్కలతో ఇప్పటికీ ఫ్లారెన్సులో ఉంది. ఉలిస్సె అల్ద్రొవాండి కూర్చిన పదిహేను సంపుటాలు బొలోన్యాలో ఉన్నాయి. నాలుగున్నర శతాబ్దాలు దాటాక కూడా రేకుల్లో ఈనెలు లెక్కపెట్టవచ్చు. ఇవాళ మనం గోడకు తగిలించుకునే పూల చట్రాలకూ, శుభలేఖ మీద అతికించే రేకులకూ, పెళ్లి దండను పలకలో బిగించే కొత్త వ్యాపారానికీ మూలం అక్కడుంది. అందం కోసం మొదలైన పని కాదిది. పాఠం కోసం మొదలైంది.

గీనీ పట్టుకున్న కిటుకు ఒక్కటే. తాజా పువ్వులో నూటికి ఎనభై, తొంభై పాళ్లు నీరే. ఆ నీరు ఉన్నంతసేపూ పువ్వులోని ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి, రేకు గోధుమ రంగుకు తిరుగుతుంది, బూజు చేరుతుంది. కుళ్లు మొదలుకాకముందే నీరు బయటికి పోవాలి. అంటే ఇది వేగానికి సంబంధించిన పందెం. అందుకే అద్దుడు కాగితాన్ని మొదటి రోజుల్లో రోజూ మార్చాలి. పువ్వును పుస్తకంలో పెట్టి మరిచిపోతే, అది ఎండే లోపే తన నీళ్లలో తానే ఉడికిపోతుంది. తర్వాత పూలు ఎండబెట్టడానికి వాడుకలోకి వచ్చిన పద్ధతులు చాలా వరకు ఈ పందెంలో పువ్వును గెలిపించడానికే.

రెండు వందల ఏళ్ల తర్వాత స్వీడన్‌లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ దాచే తీరులో చిన్న మార్పు చేశాడు. మొక్కల్ని పుస్తకంగా కుట్టకుండా విడి కాగితాల మీద అంటించి, అరల బీరువాలో పెట్టాడు. కొత్త మొక్క దొరికితే వరసలో ఎక్కడైనా దూర్చవచ్చు. ఆయన దగ్గర చదువుకున్న యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి, దక్షిణాది అంతా తిరిగి మొక్కలు సేకరించాడు. 1785లో ఆయన కన్నుమూసింది మన కాకినాడ జగన్నాథపురంలో. ఆ పక్కనే సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్‌కు ఆయన స్నేహితుడు, మార్గదర్శి. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువడ్డ రాక్స్‌బర్గ్ బృహద్గ్రంథంలో మొక్కలకు తెలుగు పేర్లు కూడా నమోదయ్యాయి. గోదావరి జిల్లాల చెట్టూ పుట్టా ఎండిన కొమ్మలుగా ఓడలెక్కి లండన్ చేరిన రోజులవి. మన ఊళ్లలో ఈ సంగతి చెప్పుకునేవాళ్లు తక్కువ. చెప్పుకోవలసిన సంగతి.

చదువుల బల్ల మీద ఉన్న ఈ పని ఇళ్లలోకి వచ్చింది ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దంలో. అమెరికాలో ఆమ్‌హెర్స్ట్ అనే ఊళ్లో ఎమిలీ డికిన్సన్ అనే అమ్మాయి, ఇంకా కవయిత్రి కాకముందే, పద్నాలుగేళ్ల ప్రాయంలో పూలు సేకరించి, నొక్కి, 66 పుటల్లో 424 నమూనాలు అంటించింది. ఆ పుస్తకం ఇప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయం దగ్గరుంది. ముట్టుకుంటే పొడి అయ్యేంత పెళుసు కాబట్టి పరిశోధకులకు కూడా ఫొటోలే చూపిస్తారు. చాలా పూల కింద లాటిన్ పేర్లు ఆమె స్వదస్తూరీతో ఉన్నాయి. అక్కడ శాస్త్రమూ ముచ్చటా ఒకే పుటలో కలిశాయి. పెద్దయ్యాక స్నేహితులకు రాసిన ఉత్తరాల్లోనూ ఆమె ఎండిన పూలు పెట్టి పంపేది.

అదే శతాబ్దంలో జెరూసలేం వెళ్లిన యాత్రికులకు అక్కడి దుకాణాల్లో ఆలివ్ చెక్క అట్టలతో చిన్న ఆల్బములు అమ్మేవారు. లోపల పుటకొక పుణ్యస్థలం పేరు, ఆ నేల మీద పూసిన పూలతో కూర్చిన గుత్తి. ఎండు పువ్వు జ్ఞాపిక పెద్ద ఎత్తున సరుకైన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఇరవయ్యో శతాబ్దంలో దీన్ని కళాప్రదర్శనల దాకా తీసుకెళ్లినవాళ్లలో మొనాకో యువరాణి గ్రేస్ ఒకరు. హాలీవుడ్ వదిలి వెళ్లిన ఈ నటి నొక్కిన పూలతో కూర్చిన చిత్రాలను 1977లో పారిస్‌లో ప్రదర్శనకు పెట్టింది. జపాన్‌లో ఓషిబానా (నొక్కిన పూల చిత్రకళ) కళాకారులు మరో అడుగు వేసి, చిత్రం వెనక తేమ పీల్చే పొర పెట్టి, చట్రంలోకి గాలి చొరకుండా మూసే పద్ధతి అలవాటు చేశారు. రంగు ఎక్కువ కాలం నిలిచేది అందువల్లే.

కాగితం పద్ధతిలో ఒక లోటుంది. పువ్వు చదునైపోతుంది. గులాబీ గులాబీలా నిలబడాలంటే ఎలా? దానికీ ఇటలీ నుంచే జవాబు వచ్చింది. జొవాన్ని బత్తిస్తా ఫెరారీ అనే జెసూట్ పండితుడు పూల పెంపకం మీద 1633లో రోమ్‌లో అచ్చు వేయించిన గ్రంథంలో ఇసుక పద్ధతిని వివరించాడు. మెత్తటి ఇసుకను ఎండబెట్టి, పువ్వును పాత్రలో నిలిపి, రేకుల మధ్యకు కొద్దికొద్దిగా జారవిడిచి, ఎండలో ఉంచడం. ఇసుక పువ్వు ఆకారాన్ని అన్ని వైపులా పట్టుకుంటుంది, నీరు మెల్లగా ఆవిరైపోతుంది. మనకు గోదావరి, కృష్ణా, పెన్నా ఒడ్డున దొరికే సన్న ఇసుక కూడా కడిగి, జల్లించి, ఆరబెడితే ఇందుకు పనికొస్తుంది. అయితే ఇసుక బరువు. పలచటి రేకులున్న పువ్వు నలిగిపోతుంది.

ఆ బరువు సమస్య తీరింది యుద్ధం పుణ్యమా అని. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి సైనికుల్ని కాపాడే ముసుగుల్లో వాడటానికి సిలికా జెల్ పనికొచ్చింది. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతి మీద బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ పాట్రిక్ 1919లో పేటెంటు పొందాడు. రెండో యుద్ధంలో పెన్సిలిన్ తడవకుండా ఉంచడానికి వాడారు. తర్వాత అది బూట్ల పెట్టెల్లోకి, మందు సీసాల్లోకి, పూలవాళ్ల చేతుల్లోకి వచ్చింది. చూడటానికి పంచదార పలుకుల్లా ఉంటుంది గానీ లోపల లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రాలు. ఆ రంధ్రాల గోడలు నీటి ఆవిరిని లాగి పట్టుకుంటాయి.

పని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. పొద్దెక్కి మంచు ఆరిన తర్వాత కోసిన, సగం విచ్చిన గులాబీని తీసుకుని కాడ అంగుళం ఉంచి కత్తిరిస్తారు. మూత గట్టిగా పట్టే డబ్బాలో రెండు వేళ్ల మందాన సన్న పలుకుల సిలికా జెల్ పోసి, పువ్వును తల పైకి ఉండేలా నిలుపుతారు. ఆపైన చెంచాతో అంచుల నుంచి పోస్తారు. మధ్యలో ఒక్కసారిగా పోస్తే రేకులు విచ్చుకుని రూపం చెడుతుంది. రేకుకూ రేకుకూ మధ్య పలుకులు దిగేలా డబ్బాను వేళ్లతో మెల్లగా తడతారు. పువ్వు పూర్తిగా మునిగాక మూత బిగిస్తారు. నాలుగు రోజుల నుంచి వారం లోపు తీస్తే, రేకు తాకినప్పుడు కాగితంలా గలగలమంటుంది. మెత్తటి కుంచెతో దులుపుతారు. తడి పీల్చిన జెల్‌ను ఓవెన్‌లో వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది.

రంగు మాత్రం పువ్వు పుట్టుకను బట్టి. ఎర్ర గులాబీ ముదిరి దాదాపు నల్లటి మెరూన్ అవుతుంది. బంతి పసుపు, నారింజ కెరోటినాయిడ్ల వల్ల వచ్చినవి కాబట్టి బాగా నిలుస్తాయి. మల్లె తెల్లగా ఉండదు. ఎంత జాగ్రత్త పడ్డా గోధుమ రంగుకు తిరుగుతుంది. తెల్ల మల్లెను తెల్లగానే ఉంచుతామని ఎవరైనా డబ్బు తీసుకుంటే, రంగు వేస్తున్నారా అని అడగండి.

కొన్ని పూలకు ఈ తంటా ఏదీ అక్కర్లేదు. బతుకమ్మలో పేర్చే గునుగు, పెరట్లో పూసే బొగడబంతి పుట్టుకతోనే కాగితంలాంటివి, నీరు తక్కువ. కట్టగా కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే చాలు. గునుగుకు రంగులద్ది బతుకమ్మలో వరసలు తీర్చే తెలంగాణ ఆడపడుచులకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. మన పాత ఇళ్లలో మొగలి రేకులు పట్టుచీరల మడతల్లో పెట్టేవారు. రేకు ఎండి గట్టిపడ్డా వాసన నెలల తరబడి ఉండేది, పెట్టె తెరిస్తే ముందు అదే పలకరించేది. అలంకరణ, జ్ఞాపిక అనే పేర్లు పెట్టకపోయినా ఎండు పువ్వుతో బతకడం మనకు తెలుసు.

ఇప్పుడు నగరాల్లో బాగా ఆడుతున్నది రెసిన్ పని. పెళ్లి దండలోని పూలను పారదర్శకమైన పలకలోనో, పెండెంట్‌లోనో, గడియారం డయల్‌లోనో బిగిస్తున్నారు. ఆ ఎపాక్సీ రెసిన్ కూడా పూల కోసం పుట్టలేదు. 1930లలో స్విట్జర్లాండ్‌లో పియర్ కాస్తాన్ అనే రసాయన శాస్త్రవేత్త కట్టుడు పళ్లకు పనికొచ్చే పదార్థం వెతుకుతూ దీన్ని తయారుచేశాడు. దాదాపు అదే కాలంలో అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ రంగుల పరిశ్రమ కోసం విడిగా ఇలాంటిదే సాధించాడు. రెండు భాగాలు కలపగానే రసాయన చర్య మొదలై వేడి పుడుతుంది. ఎక్కువ మందంగా ఒకేసారి పోస్తే ఆ వేడికి పువ్వు మాడుతుంది, పసుపు పట్టి బుడగలొస్తాయి. అందుకే పొరలు పొరలుగా పోస్తారు. పువ్వులో ఏ మాత్రం తడి మిగిలినా కొన్ని వారాల్లో రెసిన్ లోపలే కుళ్లు మొదలవుతుంది, బయటికి తీసే దారి ఉండదు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే అధ్యాయం తిరుపతిది. తిరుమల కొండ మీద పూసే ప్రతి పువ్వూ స్వామిదేనని, అక్కడ భక్తులు సిగలో పూలు తురుముకోకూడదని ఆచారం. స్వామికి అలంకరించిన పూలను ఎవరికీ ఇవ్వకుండా గుడిలోని పూలబావిలో వేయడం సంప్రదాయం. రోజూ వచ్చే పూల రాశి పెరిగేకొద్దీ వాటిని గౌరవంగా ఏం చేయాలన్నది ప్రశ్న అయింది. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం రెండు దారులు తెరిచింది. ఒకటి, ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు. రెండోది, డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుని, ఎండు పూల విద్యతో దేవతా చిత్రాలు, కీచైన్లు, పేపర్ వెయిట్లు చేయించడం. తిరుపతిలో విశ్వవిద్యాలయానికి ఉన్న నిమ్మజాతి పరిశోధన కేంద్రంలో మహిళలకు ఇందులో శిక్షణ ఇచ్చారు. ఎండిన రేకులు, ఆకులు, పుల్లలే అక్కడ రంగులూ గీతలూ. పాఠం కోసం పీసాలో పుట్టిన విద్య ఆడవాళ్లకు తిరుపతిలో జీవనోపాధిగా మారడం, నిర్మాల్యం చెత్తకుప్పకు చేరకుండా ఎవరి పూజగదికో చేరడం చిన్న విషయం కాదు. ప్రతి జిల్లాలో ఒక పెద్ద గుడైనా ఈ దారి పట్టాలి. పూలు ఉన్నాయి, చేతులు ఉన్నాయి, విద్య ఉద్యాన విశ్వవిద్యాలయం దగ్గరుంది.

ఇంట్లో మొదలుపెట్టదలచినవాళ్లకు రెండు మాటలు. వర్షాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, ఎండబెట్టే పని పెట్టుకోకండి. ఆరిన పువ్వు కూడా గాలిలోని తేమను తిరిగి పీల్చుకుంటుంది, పురుగు పడుతుంది. గాజు వెనక, నేరుగా ఎండ పడని గోడకు పెడితే రంగు ఎక్కువ రోజులుంటుంది. పెళ్లి దండను దాచుకోవాలనుకుంటే పెళ్లి రోజు రాత్రే నాలుగు మంచి పూలు విడదీసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే సిలికా జెల్‌లోకి చేర్చండి. దండ వాడిపోయాక తెచ్చి ఇస్తే ఎంత చేయి తిరిగినవాళ్లయినా చేయగలిగింది ఏమీ ఉండదు. పూర్తయిన చట్రం వెనక పువ్వు పేరు, ఊరు, తేదీ సిరాతో రాసిపెట్టండి. ఏ సందర్భపు పువ్వో తర్వాతి తరానికి తెలిసేది ఆ రాత వల్లే.