మనసులో మిగిలిపోయిన స్టెన్సిలు

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని కార్యదర్శిగారు రెండుసార్లు గుర్తు చేశారు. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే విషయం ఎత్తుకుంటున్నాను. ఎదుటి మనిషి సంగతి తెలియకముందే అతని గురించి ఒక అభిప్రాయం ఏర్పరచుకుంటామే, దాని చరిత్ర ఇది. మా అమ్మాయి కాలేజీలో చదివిన సాంఘిక మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు అటక మీద దొరికితే కాలక్షేపానికి తిరగేశాను. తీరా చదివాక అది కాలక్షేపంగా మిగల్లేదు.

ముందుగా రెండు మాటలు విడదీసుకోవాలి. మనసులో ఉండేది దురభిప్రాయం. అది చేతల్లోకి వస్తే వివక్ష. మనసులో ఉన్న ఈ అచ్చును ‘స్టీరియోటైప్’ అని 1922లో పిలిచినవాడు వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికన్ పత్రికా రచయిత. ఆ మాట ముద్రణాలయాలది. పేజీ మొత్తాన్ని ఒకే లోహపు పలకగా పోతపోసి, దానితోనే మళ్లీ మళ్లీ అచ్చు వేసేవారు. మన భాషలో చెప్పాలంటే సైక్లోస్టైల్ స్టెన్సిలు. టైపు కొట్టేటప్పుడు ఒక తప్పు దొర్లితే వంద కాపీల్లోనూ అదే తప్పు.

1930ల మొదట్లో లాపియర్ అనే ఆచార్యుడు ఒక చైనా దంపతులను వెంటబెట్టుకుని అమెరికా అంతా కారులో తిరిగాడు. సుమారు 250 హోటళ్లు, భోజనశాలలకు వెళ్తే ఒక్క చోట మాత్రమే కాదన్నారు. కొన్ని నెలల తర్వాత అవే చోట్లకు, “చైనావారికి బస ఇస్తారా?” అని ఉత్తరాలు రాశాడు. జవాబిచ్చినవారిలో నూటికి 90 మందికి పైగా ఇవ్వమన్నారు. 1934లో ఈ సంగతి ప్రకటించాడు. ఇన్‌వార్డు, డిస్పాచ్ చూసిన మనకు ఇది బాగా అర్థమవుతుంది. కాగితం మీది మాట ఒకటి, మనిషి ఎదురుగా నిలబడినప్పుడు చేసేది మరొకటి.

మన దేశంలో మాత్రం ఇది తిరగబడింది. ఇక్కడ కాగితం మంచిదే. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. 1976లో దాన్ని గట్టిపరచి పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, 1917లో, విదేశాల్లో చదివి వచ్చిన డాక్టర్ అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే, ఆ ఊళ్లో ఆయనకు ఉండటానికి చోటు దొరకలేదు. తలదాచుకున్న పార్శీ సత్రం నుంచి కూడా వెళ్లగొట్టారు. చట్టాలు వచ్చాక ఈ కథ ముగిసిందనే నేను అనుకునేవాడిని.

నేను 1974లో కోస్తా జిల్లాలో ఒక కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. రెండేళ్ల తర్వాత మా సెక్షన్‌కు ఒక దళిత యువకుడు వచ్చారు. ఆయనకు డిస్పాచ్ సీటు ఇచ్చారు. వరండాలో మంచినీళ్ల కుండ, దాని మూత మీద స్టీలు గ్లాసు ఉండేవి. ఆయన మాత్రం ఇంటి నుంచి మరచెంబుతో నీళ్లు తెచ్చుకునేవారు. కుండలో నీళ్లు తాగొద్దని ఎవరూ అనలేదు. తాగమనీ ఎవరూ అనలేదు.

ఒకరోజు సూపరింటెండెంటుగారు నన్ను పిలిచి, “ఆ డిస్పాచ్ అబ్బాయి డ్రాఫ్టు ఎలా రాస్తాడయ్యా?” అని అడిగారు. అప్పటికి నేను ఆయన రాసిన డ్రాఫ్టు ఒక్కటీ చదవలేదు. అయినా, “ఫర్వాలేదండీ, కాస్త తడబడతాడు” అన్నాను. అంత తేలిగ్గా అనేశాను. ఆయనకు రావలసిన ఫైళ్ల సీటు ఇంకొకరికి వెళ్లింది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. కరెంటు లేదు. లాంతరు వెలుగులో రాత్రింబవళ్లు బాధితుల జాబితాలు, నివేదికలు తయారు చేశాం. ఆ రాత్రుల్లో ఆయన డ్రాఫ్టు రాస్తే నేను టైపు కొట్టాను. ఒక్క మాట తీసెయ్యాల్సిన పని లేదు. అందరం ఆ కుండలో నీళ్లే, ఆ గ్లాసుతోనే తాగాం. అప్పుడు అది ఎవరికీ తట్టనేలేదు. సంక్రాంతి నాటికి పనులు సర్దుకున్నాయి. ఆయన మళ్లీ డిస్పాచ్ బల్ల దగ్గరికి వెళ్లారు. మరచెంబు కూడా మళ్లీ వచ్చింది.

ఇది ఎందుకు జరిగిందో నాకు చాలాకాలం బోధపడలేదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో రాసిన గ్రంథంలో జవాబు దొరికింది. వేరు వేరు వర్గాలవారు కలిసి తిరిగినంత మాత్రాన దురభిప్రాయం పోదంటాడాయన. నాలుగు షరతులు కావాలి. హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఒకటై ఉండాలి, ఒకరి మీద ఒకరు ఆధారపడి పని చేయాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. ఉప్పెన రాత్రుల్లో మొదటి మూడూ కుదిరాయి. నాలుగోది లేదు. ఆ రాత్రుల పనిని చూసి, ఆయనకు ఫైళ్ల సీటు ఇవ్వండని ఎవరూ ఉత్తర్వు వేయలేదు. ఇవ్వండని అడిగినవాళ్లూ లేరు. అడగవలసినవాణ్ణి నేను.

“నిజంగానే తడబడేవాడేమో” అని మీలో ఒకరికి అనిపించవచ్చు. దానికీ జవాబుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో బడిపిల్లల చేత, దారి కనుక్కునే చిక్కుబొమ్మల పజిళ్లు చేయించారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు అగ్రకులాల పిల్లలతో సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం కూడా చదివి వినిపించాక, దళిత పిల్లలు చేసిన పజిళ్లు బాగా తగ్గిపోయాయి. 2006లో ప్రకటించిన ఫలితమిది. అలాంటి పిల్లలే, అదే తెలివి. చుట్టూ ఉన్నవాళ్లు తనను ఏమనుకుంటున్నారో గుర్తొస్తే చాలు, చెయ్యి తడబడుతుంది. మనం అనుకున్నదే ఎదుట కనిపిస్తే, చూశారా, మేం ముందే చెప్పాం అంటాం. స్టెన్సిలు ఇంకో కాపీ తీస్తుంది.

ఆయన 1979లో బదిలీపై వెళ్లిపోయారు. వీడ్కోలు సభలో నేనూ నాలుగు మంచి మాటలు చెప్పాను. చెప్పవలసిన ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఈ సంచిక ఆయన చేతికి వెళ్తుందో లేదో నాకు తెలియదు. వెళ్తే, ఆ తడబాటు నాదేనని ఆయన గ్రహిస్తే చాలు.

మిత్రులారా, మన చేతుల్లో ఇప్పుడు సీట్లు లేవు, ఫైళ్లు లేవు. మనవలు మాత్రం ఉన్నారు. వాళ్ల ముందు ‘వాళ్లంతే’ అనే మాట నోటిదాకా వస్తే ఒక్క క్షణం ఆగుదాం. స్టెన్సిలు మీద తప్పు పడితే ఎర్ర ద్రవం పూసి, ఆరాక మళ్లీ కొట్టేవాళ్లం గుర్తుందా? కాపీలు తీయకముందే ఆ పని చేసేవాళ్లం. సెలవు.