పందెం – ఆటకు పట్టిన చీడ

పందెం మనకు కొత్తేమీ కాదు. పల్నాటి కథలోనే కోడిపందెం ఉంది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలని షరతు. బ్రహ్మనాయుడి పక్షం ఓడి, మాచర్ల వాళ్లు అడవులపాలయ్యారు. ఆ పగ చివరికి కారంపూడి యుద్ధం దాకా వెళ్లింది. కోడి ఓడితే మనుషులు ఊరు ఎందుకు వదలాలి అని క్లాసులో మేమంతా అడిగాం. ఈ కాలంలో కోడి స్థానంలో క్రికెట్ వచ్చింది.

పందెం వల్ల కాసినవాడి జేబే కాదు, ఆట కూడా పాడవుతుంది. దీన్ని 2000 సంవత్సరం బాగా చూపించింది. అందుకే నేను ఆ ఏడాది గురించి రాస్తున్నాను.

అప్పుడు దక్షిణాఫ్రికా కెప్టెన్ హన్సీ క్రోన్యే. ఆయనంటే అందరికీ గౌరవం. జనవరిలో సెంచూరియన్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు జరిగింది. మూడు రోజులు వానకే పోయాయి. డ్రా అయిపోవాల్సిన ఆట. క్రోన్యే మాత్రం చెరొక ఇన్నింగ్స్ వదిలేసి ఫలితం తేల్చుకుందామన్నాడు. ఇంగ్లండ్ 2 వికెట్ల తేడాతో గెలిచింది. ఎంత మంచి కెప్టెన్ అని చాలామంది మెచ్చుకున్నారు. తర్వాత అసలు సంగతి బయటపడింది. ఫలితం రావాలని కోరుకున్న ఒక బుకీ దగ్గర ఆయన డబ్బు, ఒక తోలు జాకెట్ తీసుకున్నాడు!

ఆ తర్వాత జట్టు మన దేశానికి వచ్చింది. నాగపూర్ వన్డేలో 20 పరుగుల లోపే అవుట్ అయితే 15,000 డాలర్లు ఇప్పిస్తానని క్రోన్యే గిబ్స్‌తో చెప్పాడు. గిబ్స్ సరేనన్నాడు, కానీ మైదానంలో 74 కొట్టాడు. అయినా ఒప్పుకున్నందుకు అతనిపై కొన్ని నెలల నిషేధం పడింది. ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు ఫోన్ మాటలు బయటపెట్టారు. క్రోన్యే మొదట కాదన్నాడు, కొద్ది రోజులకే ఒప్పుకున్నాడు. జీవితకాల నిషేధం వచ్చింది. 2002లో విమాన ప్రమాదంలో చనిపోయేనాటికి ఆయన వయసు 32.

మన దేశంలోనూ సి.బి.ఐ. విచారణ జరిగింది. హైదరాబాద్ ఆటగాడు అజారుద్దీన్‌పై బోర్డు జీవితకాల నిషేధం వేసింది. అది చెల్లదని 2012లో హైకోర్టు చెప్పింది. అప్పటికి ఆయన ఆడే వయసు దాటిపోయింది.

ఇంతటితో ఆగిందా? లేదు. 2013 ఐ.పి.ఎల్. బెట్టింగ్ గొడవ వల్ల మా చెన్నై జట్టు 2016, 2017 రెండేళ్లూ ఆడలేదు. తప్పు చేసింది ఎవరో, బాధపడింది మాత్రం పసుపు చొక్కా వేసుకున్న మాలాంటి పిల్లలు, పెద్దలు.

ఇప్పుడు పందెం సెల్‌ఫోన్‌లోకే వచ్చింది. మొదట వంద వస్తుంది. ఆ ఆశతో వెయ్యి పెడతారు. పోయినదాన్ని రాబట్టాలని అప్పు చేస్తారు. అందుకే 2025లో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

తోటి విద్యార్థులారా! మనకు క్రికెట్ బాగా తెలుసు కాబట్టి గెలుస్తాం అనిపిస్తుంది. సెంచూరియన్‌లో కూర్చుని చూసినవాళ్లకూ క్రికెట్ బాగానే తెలుసు. కానీ ఆ జాకెట్ సంగతి వాళ్లలో ఎవరికి తెలుసు? ఆటను చూద్దాం, ఆడదాం. దాని మీద ఇంటి డబ్బు పెట్టొద్దు.