హరికేన్లు: ప్రాణనష్టం, ఆస్తినష్టం

అట్లాంటిక్ మహాసముద్రం, కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ, తూర్పు పసిఫిక్ ప్రాంతాల్లో పుట్టే తీవ్రమైన తుపానులను హరికేన్లు అంటారు. బంగాళాఖాతంలో పుట్టి మన తీరాన్ని తాకే పెనుతుపానులదీ ఇదే జాతి. ఇంజనీరు హెర్బర్ట్ సాఫిర్, వాతావరణ శాస్త్రవేత్త రాబర్ట్ సింప్సన్ రూపొందించిన అయిదు తరగతుల కొలమానంలో మూడో తరగతి, ఆపై తరగతులవి, అంటే గంటకు 178 కిలోమీటర్లు, అంతకుమించిన గాలులు వీచేవి పెద్ద హరికేన్లు. అయితే ఈ కొలమానం గాలినే కొలుస్తుంది, నష్టాన్ని కొలవదు. ఎంతమంది చనిపోయారు, ఎంత సొత్తు పోయింది అన్నవి గాలివేగం కన్నా మనుషులు ఎక్కడ ఏం కట్టుకున్నారు, ఎవరికి ముందుగా కబురు అందింది, గాలి తగ్గాక ఎవరికి సాయం చేరింది అన్నవాటిమీదే ఎక్కువగా ఆధారపడ్డాయని చరిత్ర చెబుతుంది.

ప్రాణనష్టం

1780 అక్టోబరులో బార్బడోస్, మార్టినిక్ తదితర దీవులను ముంచెత్తిన హరికేనులో సుమారు 22,000 మంది చనిపోయారు. 1900 సెప్టెంబరు 8న టెక్సస్‌లోని గాల్వెస్టన్ దీవిమీదికి నాలుగున్నర మీటర్లకు పైగా ఉప్పెన వచ్చింది. ఆ ఊళ్లో అన్నిటికన్నా మెరక ప్రాంతం ఎత్తు మూడు మీటర్లు కూడా లేదు. అక్కడ చనిపోయినవారు 6,000 నుంచి 12,000 వరకు ఉంటారని అంచనా. 1928లో ఫ్లోరిడాలోని ఒకీచోబీ సరస్సు మట్టికట్ట తెగి, 2,500 మందికి పైగా బలయ్యారు. వారిలో ఎక్కువమంది పొలం పనులకు వచ్చిన నల్లజాతి కూలీలు. గాల్వెస్టన్, ఒకీచోబీ రెండు చోట్లా ప్రాణాలు తీసింది ప్రధానంగా నీరు. ఆ నీటికి అడ్డుపడగల కట్టగానీ, ఊరు ఖాళీ చేయించే ఏర్పాటుగానీ లేవు. 1943లో హరికేన్ గర్భంలోకి విమానం వెళ్లి రావడం, 1960లో మొదటి వాతావరణ ఉపగ్రహం కక్ష్యలోకి చేరడంతో ముందస్తు హెచ్చరికకు బలం చేకూరింది. అయితే హెచ్చరిక ఒక్కటే చాలదని క్యూబా అనుభవం చూపింది. 1963లో ఫ్లోరా హరికేన్ అక్కడ వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాక, ఊరూరా జనాన్ని తరలించే పౌర రక్షణ వ్యవస్థ ఏర్పడింది. 2001లో నాలుగో తరగతి మిషెల్ హరికేన్ వచ్చినప్పుడు దాదాపు 7 లక్షల మందిని తరలించడంతో మృతులు అయిదుగురికే పరిమితమయ్యారు. మన తీరమూ ఈ మార్పును చూసింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినా ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వందకు చేరలేదు.

ఆస్తినష్టం

ప్రాణనష్టం తగ్గుతున్నచోటే ఆస్తినష్టం పెరుగుతూ వచ్చింది. గాల్వెస్టన్ నష్టం అప్పటి ధరల్లో సుమారు 3 కోట్ల డాలర్లు. 1992లో ఆండ్రూ హరికేన్ నష్టం దాదాపు 2,700 కోట్ల డాలర్లు. కొన్ని బీమా సంస్థలు దివాలా తీశాయి, ఫ్లోరిడా తన కట్టడాల నిబంధనలను కఠినం చేసింది. 2005లో కత్రినా, 2017లో హార్వీ హరికేన్లు ఒక్కొక్కటి సుమారు 12,500 కోట్ల డాలర్ల నష్టం తెచ్చాయి. లూసియానా తీరం దాటేనాటికి కత్రినా మూడో తరగతికి తగ్గిపోయింది. అయినా వరద గోడలు, కరకట్టలు తెగిపోవడంతో న్యూ ఆర్లీన్స్ నగరంలో 80 శాతం మునిగింది. ఈ పెరుగుదలకు భూతాపమే కారణమన్న వాదన ఉంది. గత నాలుగు దశాబ్దాల్లో తీవ్ర తుపానుల వాటా పెరిగి ఉండవచ్చని వాతావరణ మార్పులపై అంతర్జాతీయ నిపుణుల సంఘం కూడా అంటోంది కాబట్టి దాన్ని తోసిపుచ్చలేం. కానీ 1926 నాటి మయామీ హరికేన్ నేటి మయామీని తాకితే కత్రినాను మించిన నష్టం జరుగుతుందని అధ్యయనాలు లెక్కగట్టాయి. గాలి అదే, దాని దారిలో కట్టిన నగరమే పెరిగింది. తుపానులు బలపడుతున్న కాలంలో ఉప్పెన దారిలో ఇళ్లు కట్టుకుంటూ పోవడం మరింత ప్రమాదకరం.

లెక్కలోకి రాని నష్టం

డాలర్ల లెక్క సొత్తున్న చోటినే పెద్దదిగా చూపుతుంది. 2017లో మరియా హరికేన్ వల్ల డొమినికా దీవికి కలిగిన నష్టం దాదాపు 130 కోట్ల డాలర్లే. హార్వీ నష్టం పక్కన అది నూరోవంతు. కానీ ఆ చిన్న దేశానికి అది ఏడాది జీడీపీకి రెండు రెట్లకు మించిన దెబ్బ. 1998లో మిచ్ హరికేన్ కురిపించిన వానలకు హోండురస్, నికరాగువా దేశాల్లో వేలమంది చనిపోయారు, డాలర్ల పట్టికలో మాత్రం దాని స్థానం ఎంతో కింద. ప్రాణాల లెక్కలోనూ ఇలాంటి లోటే ఉంది. మరియా వల్ల ప్యూర్టోరికోలో 64 మంది చనిపోయారని మొదట ప్రకటించారు. నెలల తరబడి కరెంటు లేక, వైద్యం అందక పోయిన ప్రాణాలను కలిపి 2018లో ఆ సంఖ్యను 2,975గా సవరించారు. ఇలాంటి సంఖ్య అంచనాయే తప్ప పేరుపేరునా లెక్కించింది కాదని కొందరు ఆక్షేపిస్తారు. నిజమే. కానీ గాలికి, నీటికి నేరుగా బలైనవారిని మాత్రమే లెక్కిస్తే, మందు దొరకక ఆరువారాల తరువాత చనిపోయిన రోగి ఏ జాబితాకూ ఎక్కడు. సవరణ ప్రతిసారీ సంఖ్యను పెంచుతుందనీ కాదు. ఏళ్లపాటు 1,833గా చెప్పుకున్న కత్రినా మృతుల సంఖ్యను అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం 2023లో 1,392కు తగ్గించింది. ఓపికగా తిరిగి లెక్కించడం వల్లనే ఈ రెండు సవరణలూ సాధ్యమయ్యాయి. లెక్కకు రాని మరణాన్ని ఆపే ఏర్పాటు కూడా ఎవరూ చేయరు. అందుకే హరికేన్ నష్టాన్ని తీరం దాటిన రోజుతో ముగించకుండా, ఆసుపత్రికి కరెంటు, గ్రామానికి బాట, కుటుంబానికి బతుకుతెరువు తిరిగి వచ్చేదాకా లెక్కించాలి.