బొగ్గుపులుసు గాలికి చట్టం

వేదాద్రిలో యోగానంద నరసింహుణ్ణి దర్శించుకుని జగ్గయ్యపేట వైపు మళ్లితే సిమెంటు కార్ఖానాల సీమలో అడుగుపెట్టినట్టే. ముక్త్యాల, జయంతిపురం, బూదవాడ. ఈ మెట్టనేల అడుగున సున్నపురాయి విస్తారంగా ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ జగ్గయ్యపేట స్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడ్డ ఫలకాలూ సున్నపురాతివే.

శిల్పి చెక్కిన రాయి రాయిగానే నిలిచింది. బట్టీకెక్కిన రాయి అలా మిగలదు. నూరు టన్నుల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే దక్కే సున్నం 56 టన్నులు. తక్కిన 44 టన్నులూ కార్బన్ డయాక్సైడుగా, మన పెద్దల పాఠ్యపుస్తకాల్లోని బొగ్గుపులుసు గాలిగా, ఎగిరిపోతాయి. సిమెంటు తయారీలో వెలువడే ఈ వాయువులో సగానికి పైగా రాతిలోంచి వచ్చేదే; ఇంధనం వంతు ఆ తర్వాతే. చట్టాల కథ చదివేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి.

1981 నాటి వాయు కాలుష్య చట్టం సిమెంటు కార్ఖానాలో ముఖ్యంగా చూసింది దుమ్మును. కంటికి ఆనేది అదే కదా. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం బొగ్గునూ కరెంటునూ లెక్కగట్టింది. దాని కింద 2012లో మొదలైన 'పాట్' (పర్ఫామ్, అచీవ్, ట్రేడ్) పథకం తొలి విడతలో 478 సంస్థలకు లక్ష్యాలు పెట్టింది. వాటిలో 85 సిమెంటువి. లక్ష్యానికి మించి పొదుపు చేసినవారు ఆ మేరకు పత్రాలు పొంది, వెనకబడ్డవారికి అమ్ముకోవచ్చు. తెలివైన ఏర్పాటే. కానీ బొగ్గు ఎంత మిగిల్చినా రాతిలోని గాలి ఆగదు.

ఇదే చట్టానికి 2022లో వచ్చిన సవరణ కర్బన క్రెడిట్ల వ్యాపారానికి దారి వేసింది; 2023 జూన్‌లో ఆ వ్యాపార పథకం వెలువడింది. 2024 మార్చి 21న రంజిత్‌సింహ్ కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లోనే ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. బట్టమేక పిట్టను కాపాడమని వేసిన వ్యాజ్యంలో ఆ మాట రావడం ఒక విచిత్రం.

కర్బన క్రెడిట్ల పథకం కింద వచ్చిన 2025 అక్టోబరు నిబంధనలు 186 సిమెంటు కర్మాగారాలకు, టన్ను ఉత్పత్తికి ఎంత వాయువు వదలవచ్చో హద్దు గీశాయి. రాతిలోంచి వచ్చే గాలి ఇప్పటికి లెక్కలోకి ఎక్కింది. హద్దు దాటి, క్రెడిట్లూ కొననివారు వాటి సగటు ధరకు రెట్టింపు పరిహారం కట్టాలి. సున్నపురాయిని కాల్చి చేసే క్లింకరును తగ్గించి బొగ్గు బూడిద కలిపే కార్ఖానాకు ఇది లాభసాటి.

అయితే ఈ హద్దు టన్నుకే గాని మొత్తానికి కాదు. ఉత్పత్తి పెరిగితే వాయువూ పెరగవచ్చు. బ్రిటన్ 2008లోనే దేశం మొత్తానికి అయిదేళ్లకోసారి పరిమితి కట్టే చట్టం చేసుకుంది. మనకు అలాంటిది ఇంకా లేదు.